దాటేవాళ్ళు లేని వీధి

మా ఊళ్ళో పాత అపార్ట్‌మెంట్ పడగొట్టి కొత్తది కట్టాలంటే ముందు దాన్ని గాజులో కట్టి చూపించాలి. ఆ గాజు ఉండేది మా ల్యాబులో. కొత్త కట్టడం వల్ల ఆ వీధిలో రాకపోకలు ఏమవుతాయో మేం తేల్చి చెబితేగాని టౌన్ ప్లానింగ్ వాళ్ళు ప్లాను మీద సంతకం పెట్టరు. అందుకని ఊళ్ళో బిల్డర్లందరికీ నేనంటే మహా గౌరవం. పెళ్ళిళ్ళలో కనబడితే లేచి కుర్చీ ఇస్తారు. ఆ కుర్చీ నాకు కాదు, నా చేతిలో ఉన్న కాగితానికని తెలిసినా కూర్చునేదాన్ని.

పని ఇలా ఉంటుంది. కట్టబోయే చోట వీధి పొడుగునా తారు మీద కంటికి కనబడని పూత ఒకటి పూస్తాం. ఓ నెల పాటు ఆ పూత తన మీద పడ్డ ప్రతి అడుగునూ ప్రతి చక్రాన్నీ గుర్తు పెట్టుకుంటుంది. ఏ ఇద్దరూ నేలను ఒకేలా తొక్కరని కనిపెట్టింది మా డైరెక్టరు దమయంతి మేడమ్. అడుగును బట్టి ఆ మనిషి ఎటు వెళ్తాడు, ఎందుకు వెళ్తాడు, దేనికి బెదురుతాడు, రోడ్డు దాటడానికి ఎంతసేపు ఓపిక పడతాడు అన్నీ లాగి, అతనికొక నీడను తయారుచేస్తుంది ఆవిడ యంత్రం. భోజనాల బల్లంత గాజు మీద వీధి మొత్తం కనిపిస్తుంది. బళ్ళు ఎర్ర చుక్కలు, మనుషులు తెల్ల చుక్కలు. అందులో మనం కట్టబోయేదాన్ని నిలబెట్టి మీట నొక్కితే రాబోయే రోజులు వరసగా నడుస్తాయి. మేం టిఫిను తిని వచ్చేలోపు అక్కడ ఒక ఏడాది గడిచిపోతుంది.

చుక్కలకు పేర్లుండవు. ఏ చుక్క ఎవరో తెలుసుకోవాలని చూడకూడదు, తెలిసినా పైకి చెప్పకూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడు మా చేత ప్రమాణం చేయిస్తారు. ఒక్క మనిషిని చూస్తూ కూర్చుంటే ఊరిని చూడలేమని మేడమ్ తరచూ చెప్పేది. నేనూ ఊరినే చూస్తూ హాయిగా ఉన్నాను, మా సొంత అపార్ట్‌మెంటే ఆ గాజు మీదికి వచ్చేదాకా.

మాది మేదర వీధిలో మూడంతస్తుల అపార్ట్‌మెంట్. శ్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. పైవాళ్ళు బట్టలుతికితే కిందివాళ్ళు గిన్నెలు పెట్టుకోవలసి వచ్చేది. చిట్టచివరి అంతస్తులో నేనూ మా అక్క సత్యవేణీ ఉండేవాళ్ళం. నాన్న మా ఇద్దరి పేరా రాసిన ఫ్లాటు అది. పెళ్ళి అక్కకు కుదరలేదు, నాకు కుదిరినా నిలవలేదు. ఆ గొడవ ఇక్కడ అనవసరం.

అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. తొడ దాకా ఇనుప కాలిపర్ కట్టుకుని నడుస్తుంది. వీధికి అవతల పక్క ఆవిడ కొట్టు, సత్య లేడీస్ టైలర్స్. జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్సూ పికో వేయడం పేరుకే. అసలు పని అక్కడ కూర్చుని ఊరిని ఏలడం. ఎవరి కోడలు ఎందుకు అలిగింది, ఎవరింటికి సంబంధం వచ్చి ఎందుకు తప్పిపోయింది, అన్నీ ఆ కొట్లోనే తేలాలి. జాకెట్టు ఆలస్యమైందని దెబ్బలాటకు వచ్చినవాళ్ళు టీ తాగి, అక్క చేత నాలుగు తిట్లు తిని, నవ్వుకుంటూ పోయేవారు. కొట్టుకు వెళ్ళని రోజు ఆవిడ మనిషిలా ఉండేది కాదు. ఆదివారం వస్తే ఇంట్లో గిన్నెలన్నీ నా మీద విరుచుకుపడుతున్నట్టు చప్పుడు చేసేవి.

ఆవిడకున్న ఒకే శత్రువు మెట్లు. పొద్దున్నే రెయిలింగు పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగేది. సాయంత్రం అలాగే ఎక్కేది. మధ్యాహ్నం భోజనం క్యారేజీలో నేనే కొట్టుకు పంపించేదాన్ని. ఎక్కి వచ్చాక కాలిపర్ బెల్టులు విప్పుకుని, గోడకు జేరబడి, కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. అంతటి మాటకారి అలా నోరు మూసుకుని కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది.

అందుకే బిల్డర్ గణపతిరాజు గారు ప్లాను పట్టుకుని వచ్చి, పాతది పడగొట్టి ఐదంతస్తులు వేస్తానని, ఇప్పుడున్న వాళ్ళందరికీ కొత్త ఫ్లాట్లు ఇచ్చి మిగతావి తను అమ్ముకుంటానని, కార్లకు కింద సెల్లారు తవ్విస్తానని చెబుతూ ఉంటే, అక్క అందులో ఒక్క మాటే విన్నది. లిఫ్టు.

పాత గేటు దక్షిణం వైపు సందులోకి ఉండేది. సందు చివర వీధి మలుపు తిరుగుతుంది. అక్కడ బళ్ళు ఎలాగూ మెల్లగా వస్తాయి కనుక అక్క ఆ మలుపు దగ్గర రోడ్డు దాటేది. అయితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు మంగరాజు గారికి ఆ దక్షిణపు గేటంటే పడదు. ఆయన తాసిల్దారుగా రిటైరయ్యాడు. బోరు ఎండిపోవడం, ఆయనగారి మోకాళ్ళు, నా సంసారం, అన్నిటికీ ఆ గేటే కారణమని ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాడు. కొత్త ప్లాను అనగానే సిద్ధాంతిగారిని పిలిపించాడు. ఆయన దిక్సూచి పెట్టి చూసి, గేటు తూర్పు ఈశాన్యంలో పెట్టమన్నాడు. ఈశాన్యం పల్లంగా ఉండాలి కనుక సెల్లారులోకి దిగే ర్యాంపు కూడా అక్కడే రావాలన్నాడు. అంటే కార్లూ మనుషులూ అందరూ ఒకే నోట్లోంచి నేరుగా వీధిలోకి పడాలి. అందరూ తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపింది మా అక్క, ఎందుకంటే ఈశాన్యం గేటు సరిగ్గా ఆవిడ కొట్టుకు ఎదురుగా వస్తుంది. గేటు దిగితే కొట్టేనని, ఇక మలుపు దాకా ఈడ్చుకుంటూ పోనక్కర్లేదని సంబరపడింది.

ఇంట్లోనే ఇంజినీరుండగా ఇక చూసుకోవలసిందేముందని మంగరాజు గారు అందరి ముందూ నా భుజం తట్టారు. మేడమ్‌తో చెప్పాను, ఇది మా ఇల్లండీ, ఇంకెవరికైనా ఇవ్వండి అని. చుక్కలకు పేర్లు లేనప్పుడు ఎవరిల్లయితే ఏమిటని ఆవిడ నవ్వేసింది.

పూత పూశాం. నెల గడిచింది. గాజులో పాత అపార్ట్‌మెంట్ తీసేసి కొత్తది నిలబెట్టాను. ఈశాన్యంలో గేటు, గేటు పక్కనే ర్యాంపు. మీట నొక్కాను.

మొదట్లో అంతా మామూలుగానే ఉంది. కొత్త ఫ్లాట్లలోకి కొత్త చుక్కలు వచ్చి చేరాయి. పొద్దున్నే ర్యాంపు మీంచి ఎర్ర చుక్కలు పైకి వచ్చి వీధిలో కలుస్తున్నాయి. నేను సగటు ఆలస్యం ఎంతుందో చూసుకుంటున్నాను. అప్పుడు గేటు దగ్గర ఒక తెల్ల చుక్క కనబడింది. ఒక పొడుగు అడుగు, ఒక పొట్టి అడుగు, కాస్త ఆగడం. మళ్ళీ పొడుగు, పొట్టి, ఆగడం. ఎవరో తెలుసుకోవాలని నేనేమీ ప్రయత్నించలేదు. ఆ అడుగును ఊహ తెలిసినప్పటి నుంచీ మెట్ల మీద వింటున్నాను, ప్రమాణం చేసినంత మాత్రాన చెవులు మరిచిపోతాయా.

ఆ చుక్క లిఫ్టు దిగి గేటు దాకా వచ్చింది. వెనక ర్యాంపు మీంచి కారు వస్తే పక్కకు జరిగింది. ముందు వీధిలో మోటారు సైకిళ్ళు. అవి పోయేలోపు ఎడం వైపు నుంచి ఒక కారు లోపలికి తిరిగింది. చుక్క ఒక అడుగు కిందికి వేసి, వెనక్కి తీసుకుంది. చాలాసేపు నిలబడి దాటింది. మర్నాడు ఇంకాసేపు నిలబడింది. కొన్నాళ్ళు ఎండ నడినెత్తికి వచ్చాక, రద్దీ తగ్గినప్పుడు వచ్చింది. మరికొన్నాళ్ళకు గేటు దాకా వచ్చి, నిలబడి, దాటకుండానే వెనక్కి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. తర్వాత ఒక రోజు గేటు దగ్గరికి రానేలేదు. ఇక మళ్ళీ రాలేదు. చనిపోయిందేమో అనుకున్నాను. కాదు. చనిపోయిన చుక్కను యంత్రం ఆర్పేస్తుంది. ఇది ఇంట్లో ఒక మూల వెలుగుతూనే ఉంది. రోజులు, నెలలు, ఏళ్ళు అక్కడే వెలిగింది.

అదొక్కటే కాదు. పొద్దున్నే పాలకు వెళ్ళే ముసలి చుక్కొకటి మానేసింది. చేతులు పట్టుకుని బడికి నడిచే పిల్లల చుక్కలు ఆటో ఎక్కేశాయి. మనుషులు ఒక్కొక్కరే తప్పుకున్నకొద్దీ బళ్ళు ఇంకా ధాటిగా పరిగెత్తాయి. గాజు మీద రోజులు నడవడం ఆగాక, దాని అంచున యంత్రం తన మాట రాసింది. వీధి మీద భారం తగ్గింది. సగటు ఆలస్యం పెరగలేదు. కట్టడం వల్ల ప్రభావం లేదు.

గేటును దక్షిణానికి మార్చి మళ్ళీ నడిపించాను. ఈసారి తెల్ల చుక్కలన్నీ మలుపు దగ్గర దాటుతూనే ఉన్నాయి. అవి దాటేదాకా బళ్ళు ఆగుతున్నాయి. యంత్రం ఆలస్యం పెరిగిందంది, ప్రభావం ఉందంది, బిల్డరు తన స్థలంలోంచి వీధికి కొంత వదలాలంది. అలా వదిలితే అమ్ముకోవడానికి ఫ్లాట్లు మిగలవు, గణపతిరాజు గారు మరో వీధి చూసుకుంటారు. మనుషులు నడిస్తే తప్పు, నడవడం మానేస్తే ఒప్పు. ఇన్నాళ్ళూ నేను సంతకాలు పెట్టిన వీధులన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఈ చుక్కలు దాటడం మానేశాయండీ, దీన్ని ప్రభావం లేదని ఎలా రాస్తామని అడిగాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. పెద్దాసుపత్రి ముందు అంబులెన్సులు ఇరుక్కుపోయే చౌరస్తాను ఈ గాజుతోనే బాగుచేసింది. ఆ లెక్కన బతికిన ప్రాణాలు తక్కువేం కాదు. కళ్ళజోడు పెట్టుకుని, నేను నడిపించిన రెండుసార్లూ ఏం జరిగిందో ఓపిగ్గా చూసింది.

"మనం కొలిచేది రోడ్డు మీద ఉన్నదాన్ని నాగవేణీ" అంది. "లేనిదాన్ని కొలవడం మొదలుపెడితే దానికి అంతెక్కడ?"

"ఉన్నవాళ్ళు లేకుండా పోవడమే కదండీ ప్రభావం."

"ఎవరో పోల్చుకున్నావా?"

 పోల్చుకున్నానంటే ఉద్యోగం మానుకోవలసి వస్తుందని ఆవిడే మెల్లగా చెప్పింది. మానుకున్న నడకల గురించి నేను రిపోర్టులో ఒక పేరా రాశాను. అలాంటి కొలత మన పద్ధతిలో లేదని ఆవిడ దాన్ని కొట్టేసింది. నేను సంతకం పెట్టనన్నాను. ఆవిడేం కోప్పడలేదు, కలం తీసి తనే పెట్టేసింది. ఆ సంతకం చాలా అందంగా ఉంటుంది.

ప్రమాణం గిమాణం గంగలో కలిపి, అక్కకు అంతా చెప్పేశాను. అప్పుడే మెట్లెక్కి వచ్చి బెల్టులు విప్పుకుంటోంది. ఈశాన్యం గేటు పెడితే నువ్వు కొట్టుకు వెళ్ళలేవే, కొన్నాళ్ళకు మానేస్తావు, గాజులో చూశాను అన్నాను. అసోసియేషన్ మీటింగులో వద్దని చెయ్యెత్తమని బతిమాలాను. నీ మాటంటే ఆడవాళ్ళంతా వింటారు, గేటు దక్షిణానికే ఉంచమని పట్టుబట్టు అన్నాను.

"గేటు దక్షిణానికుంటే గణపతిరాజు గారు కడతాడా?" అంది.

కట్టడని చెప్పాను. అబద్ధం చెబితే సరిపోయేదేమో, నోరు రాలేదు.

"కట్టకపోతే లిఫ్టు లేదు."

"లేదు."

"ఈ మెట్లు ఇంకెన్నాళ్ళు ఎక్కుతాననుకుంటున్నావే నువ్వు?" అక్క గొంతు పెంచలేదు. "నీ గాజుపెట్టె రోడ్డునే చూసింది. నా మెట్లు చూసిందా? రోడ్డంటావా, పాకటం మానేసినప్పటి నుంచీ దాటుతున్నాను. బళ్ళకు బెదిరిపోయి ఇంట్లో కూర్చునేదాన్నా నేను? నా చెల్లెలివై ఉండి, ఒక యంత్రం చెప్పిందని నన్ను కుంటిదాన్ని చేస్తున్నావు."

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. అన్నది ఆవిడే అయినా, అనిపించింది నేను. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. మీటింగులో ఈశాన్యం గేటుకు మొదటి చెయ్యి అక్కదే లేచింది. మంగరాజు గారు ఆవిడకు స్వీటు తినిపించారు.

కట్టుబడి జరిగినన్నాళ్ళూ పక్క వీధిలో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. గృహప్రవేశం నాడు అక్క పట్టుచీర కట్టుకుని లిఫ్టులో పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ పైకి వెళ్ళింది. కొట్టుకు వచ్చే ఆడవాళ్ళందరినీ పిలిచి ఎక్కించింది. మీట నొక్కేది తనే, ఇంకొకరిని నొక్కనివ్వలేదు. తలుపు మూసుకునేటప్పుడు ఆవిడ మొహం చూసి, ఈ గాజూ లెక్కలూ అన్నీ తప్పయితే బాగుండునని ఎన్ని దేవుళ్ళకు మొక్కుకున్నానో.

తప్పు కాలేదు. కొన్నాళ్ళు వాచ్‌మన్ ఈల వేసి బళ్ళు ఆపి దాటించేవాడు. ఫ్లాట్లు నిండాక అతనికి కార్లు సర్దడంతోనే తెల్లారిపోయేది. ర్యాంపు మీంచి పైకి వచ్చే కారుకు గేటు దాకా వచ్చేవరకూ మనిషి కనబడడు. వచ్చినవాడు వెనక నుంచి హారన్ కొడతాడు. హారన్ కొడితే మామూలు మనుషులు గభాలున రెండడుగులు వేస్తారు. కాలిపర్ కట్టుకున్న కాలు గభాలున కదలదు. ఆ కారులో ఉన్నది మన పై ఫ్లాటు వాళ్ళే, మన ఇంట్లో పులిహోర తిన్నవాళ్ళే. అద్దం దించి, ఆంటీ కొంచెం పక్కకు అని మర్యాదగానే అంటారు. పక్కకు అంటే ఎక్కడికి, పక్కన వీధి. పాత మలుపు దాకా పోయి దాటాలన్నా ఆ బళ్ళ పక్కనే అంత దూరం నడవాలి.

అక్క కొట్టు తెరిచే వేళ మారింది. పొద్దున్నే వెళ్ళేది ఎండ ఎక్కాక వెళ్ళడం మొదలుపెట్టింది. అడిగితే పొద్దుట గిరాకీ లేదంది. ఒకరోజు చీర కుచ్చిళ్ళు మట్టి కొట్టుకుని వచ్చింది, కాలిపర్ మోకాలి దగ్గర వంగిపోయి ఉంది. ఏమైందంటే కొట్టు మెట్టు తట్టుకుందంది. స్కూటరు తగిలి పడిపోయిందని నాలుగు రోజుల తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. ఆ తర్వాత జాకెట్లు ఇంటికే తెచ్చుకుని కుట్టింది. అటునుంచి మా ఇంటికి రావలసిన ఆడవాళ్ళు కూడా వీధి దాటడం ఇష్టం లేక మరో టైలర్ని చూసుకున్నారు. ఇంకొన్నాళ్ళకు కళ్ళు ఆనడం లేదంది. మెషిను ఎవరికో ఇచ్చేసింది. కొట్టుకు షట్టరు పడింది.

ఇవన్నీ ఏ వరసలో గాజు మీద చూశానో అదే వరసలో ఇంట్లో చూశాను. తర్వాత ఏం జరగబోతుందో ముందే తెలిసి, పక్కన కూర్చుని అన్నం తినడం ఎంత నరకమో చెప్పలేను. అరవాలనిపించేది. ఎవరి మీద అరవాలి? మంగరాజు గారి మోకాళ్ళు మాత్రం నయమయ్యాయి. ఈశాన్యం మహిమ అని అందరికీ చెప్పుకుంటున్నాడు.

ఒక సాయంత్రం అక్క బాల్కనీలో కూర్చుని ఉంది. ఎదురుగా షట్టరు వేసిన కొట్టు. నేను టీ పట్టుకెళ్తే, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఆ గాజులో నేను ఎప్పుడు మానేశానే?"

దసరాలకు ముందే మానేశావని చెప్పాను. అక్క వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది.

"అయితే దానికంటే ఎక్కువే తిరిగాను" అంది.

ఆ మాటతో ఆవిడకు ఎక్కడ లేని పట్టుదలా వచ్చింది. గేటు ముందు వీధికి అడ్డంగా ఒక స్పీడు బ్రేకరు, మనుషులు దాటడానికి తెల్ల చారలు, ఆ రెండూ వేస్తే తను మళ్ళీ కొట్టు తెరుస్తానంది. అర్జీ రాసి నా చేతికిచ్చింది. టౌన్ ప్లానింగ్ ఆఫీసుకు పట్టుకెళ్ళి ఇచ్చాను. వేయడానికి తమకేమీ అభ్యంతరం లేదని, అయితే అక్కడ రోడ్డు దాటేవాళ్ళు ఉన్నట్టు తేలాలని ఆఫీసులో అన్నారు. దాటేవాళ్ళు లేని చోట స్పీడు బ్రేకరు వేస్తే బళ్ళవాళ్ళకు అన్యాయం చేసినట్టట. ఆ తేల్చే పని ఎవరిదని అడిగితే నా మొహం వంక వింతగా చూశారు. మీ ల్యాబుదే కదండీ అన్నారు.

మళ్ళీ పూత పూశాం. ఈసారి రాబోయే రోజులు చూడక్కర్లేదు. ఒక్క రోజు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఆ గేటు ముందు ఎవరు దాటుతున్నారో ఉన్నదున్నట్టు చూస్తే చాలు. నేను ఈ సంగతి చెప్పగానే అక్క ప్రతి ఫ్లాటుకూ లిఫ్టులో వెళ్ళి, ఆ రోజు కాస్త కిందికి దిగి, వీధి దాటి రమ్మని అడిగింది. అందరూ సరేనన్నారు. ఆవిడ అడిగితే కాదనే అలవాటు ఎవరికీ లేదు. కాని పొద్దున్నే ఎవరి కారు వాళ్ళు ఎక్కి పోయారు. ఒకప్పుడు పాలకు వెళ్ళే ముసలావిడకు ఆయాసంగా ఉందట. పిల్లల ఆటో టైముకు వచ్చేసింది.

నేను ల్యాబులో గాజు ముందున్నాను, పక్కన మేడమ్ ఉంది. ఎర్ర చుక్కలు బారులు తీరి పోతున్నాయి. ఎండ బాగా వచ్చాక గేటు దగ్గర తెల్ల చుక్క ఒకటి కనబడింది. ఒక పొడుగు అడుగు, ఒక పొట్టి అడుగు, ఆగడం.  చుక్క నిలబడింది, నిలబడింది, ఇక వెనక్కి వెళ్ళిపోతుందనుకున్నాను. దిగింది. ఎర్ర చుక్కలు ఆగాయి. అవతలి పక్క షట్టరు దాకా వెళ్ళి, కాసేపు ఆగి, మళ్ళీ బయల్దేరి ఇవతలికి వచ్చింది. ఊపిరి తీసుకుంది కాబోలు, మళ్ళీ దిగింది. అలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అందరి తరఫునా తనొక్కతే దాటుతోంది. నేను బల్ల అంచు పట్టుకుని చూస్తున్నాను.

ఉన్నట్టుండి ఆ చుక్క మసకబారింది. నడివీధిలో ఉండగానే గాజు మీంచి మాయమైపోయింది. నేను కేక పెట్టినట్టున్నాను, మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమీ కాలేదు. ఆర్పలేదు, లెక్కలోంచి తీసేసింది, అంతే" అంది. అవతలి పక్క ఆ చుక్కకు పనేం లేదట. అక్కడున్నది మూసేసిన కొట్టు. పని లేకుండా అటూ ఇటూ తిరిగేదాన్ని యంత్రం నడకగా తీసుకోదట. కుక్కలనూ, ఆడుకునే పిల్లలనూ అలాగే తీసేస్తుందట. లేకపోతే లెక్క పాడవుతుందట.

"ఆ కొట్టు ఎందుకు మూసి ఉందో మీకు తెలుసు" అన్నాను.

"తెలుసు" అంది మేడమ్. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అది ఇవాళ్టి లెక్క కాదు నాగవేణీ."

గాజు అంచున యంత్రం అప్పుడే రాసేసింది, దాటేవాళ్ళు లేరని. సాయంత్రం దాకా ఆగాలన్న మర్యాద కూడా దానికి లేదు. ఆ బల్లను తలకిందులు చేసి పగలగొట్టాలనిపించింది. అప్పుడే ఫోను మోగింది. అక్క. వెనక హారన్లు, ఎవరో ఏదో తిడుతున్నారు. ఆయాసంతో ఆవిడ మాట సరిగ్గా రావడం లేదు, కాని గొంతులో కొట్లో కూర్చున్నప్పటి హుషారు ఉంది. అది విని ఎన్నాళ్ళయిందో.

"నాగా, కనబడుతున్నానా?"

గాజు మీద మేదర వీధి శుభ్రంగా ఉంది. ఎర్ర చుక్కలు ఎవరి కోసమో ఆగుతున్నాయి, ఎవరూ కనబడటం లేదు.

"కనబడుతున్నావక్కా" అన్నాను.

"అయితే ఉండు, ఇంకొక్కసారి దాటొస్తాను" అంది.